విండోస్ తీయకుండానే లైనక్స్: పాత ల్యాప్‌టాప్‌లో రెండో ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకోవడం ఎలా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు మారదామంటే ఇంటెల్ ప్రాసెసర్ కనీసం ఎనిమిదో తరానిది కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి సెకండ్ హ్యాండ్‌లో కొని తెచ్చుకున్న ఆరో తరం, ఏడో తరం ఐ5 ల్యాప్‌టాప్‌లకు ఆ అర్హత లేదు. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో, దేవరకొండ, కల్వకుర్తి లాంటి ఊళ్లలో డిగ్రీ చదివే పిల్లల చేతుల్లో, జిరాక్స్ సెంటర్లలో ఇలాంటి యంత్రాలు ఇప్పటికీ రోజూ పని చేస్తున్నాయి. కీబోర్డు బాగుంటుంది, తెర బాగుంటుంది, 8 జీబీ ర్యామ్ ఉంటుంది. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయన్న ఒక్క కారణంతో వాటిని మూలన పడేయడం నాకు అన్యాయం అనిపిస్తుంది. ఇంకో నాలుగైదేళ్లు నిక్షేపంగా వాడుకోదగ్గ యంత్రాలవి.

అలాగని విండోస్‌ను తీసేయమని చెప్పను. మన ఊళ్లలో పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ సెంటర్లు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పని చేస్తాయి. ఆ పని విండోస్‌లోనే సాగుతుంది. మిర్యాలగూడ రైస్ మిల్లు లెక్కలు ట్యాలీలో ఉంటాయి, అదీ విండోస్ సాఫ్ట్‌వేరే. వేలిముద్ర యంత్రాలకు, కొన్ని పాత ప్రింటర్లకు విండోస్ డ్రైవర్లే దొరుకుతాయి. ఆ పనులకు విండోస్ ఉండనివ్వండి. ఇంటర్నెట్, బ్యాంకు లావాదేవీలు, చదువు, ప్రోగ్రామింగ్, ఉత్తరాలు రాసుకోవడం లాంటివన్నీ పక్కనే పెట్టుకున్న లైనక్స్‌లో చేసుకోండి. కంప్యూటర్ ఆన్ చేయగానే ఏది కావాలని అడుగుతుంది, మీరు ఎంచుకున్నది తెరుచుకుంటుంది. దీన్నే డ్యూయల్ బూట్ అంటారు.

ఈ పనిలో ఇబ్బంది పడేవాళ్లు చాలావరకు లైనక్స్ ఎక్కించేటప్పుడు పడరు. అంతకు ముందు విండోస్‌లో చేయాల్సిన నాలుగు పనులు వదిలేసి, తర్వాత ఇబ్బంది పడతారు. అందుకే ఇక్కడ ఆ ముందు పనుల గురించి వివరంగా రాస్తున్నాను. దయచేసి వాటిని దాటేసి కిందికి వెళ్లకండి.

మొదట, ఇది మీకు అవసరమా?

కాలేజీ ల్యాబ్ కోసం నాలుగు లైనక్స్ కమాండ్లు నేర్చుకుంటే చాలనుకునేవారు డిస్కును ముట్టుకోవాల్సిన పనే లేదు. విండోస్ 10లోనూ 11లోనూ డబ్ల్యూఎస్‌ఎల్ అనే సదుపాయం ఉంది. విండోస్ లోపలే ఉబుంటు అనే లైనక్స్ రకం టెర్మినల్ (కమాండ్లు కొట్టే తెర) తెరిచి సాధన చేసుకోవచ్చు. డెస్క్‌టాప్ ఎలా ఉంటుందో చూడాలనుకుంటే వర్చువల్‌బాక్స్ ఉచితంగా దొరుకుతుంది. విండోస్ నడుస్తుండగానే ఒక కిటికీలో లైనక్స్ నడుస్తుంది, నచ్చకపోతే ఆ ఫైలు తొలగిస్తే సరి. అయితే ర్యామ్‌ను రెండూ పంచుకుంటాయి కాబట్టి 8 జీబీ కంటే తక్కువ ఉంటే వర్చువల్‌బాక్స్ నత్తనడక నడుస్తుంది. పాత ల్యాప్‌టాప్‌ను రోజువారీ వాడకానికి తేవాలనుకునేవారికి మాత్రం డ్యూయల్ బూటే సరైన దారి.

ఏ లైనక్స్?

లైనక్స్ అనేది అసలు కెర్నల్ పేరు, అంటే యంత్రాన్ని నడిపే మూల భాగం. ఫిన్లాండ్‌లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో దాన్ని విడుదల చేశాడు. దాని చుట్టూ డెస్క్‌టాప్, బ్రౌజర్, ఇతర సాఫ్ట్‌వేర్ చేర్చి ఒక్కో బృందం ఒక్కో పేరుతో పంచుతుంది. ఉబుంటు, ఫెడోరా, డెబియన్, మన సీడ్యాక్ తయారుచేసిన బాస్, ఇలా ఎన్నో ఉన్నాయి. కొత్తవారికి నేను చెప్పేది ఒక్కటే: లైనక్స్ మింట్. స్టార్ట్ మెనూ ఎడమ మూలన ఉంటుంది, కింద టాస్క్‌బార్ ఉంటుంది. విండోస్‌కు అలవాటు పడ్డ చేతికి వెతుకులాట తక్కువ. మింట్ 22 వరుసకు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. పైసా ఖర్చు లేదు, లైసెన్స్ కీ అడగదు.

మింట్‌లో మూడు రకాలు దొరుకుతాయి. 8 జీబీ ర్యామ్ ఉంటే సినమన్ తీసుకోండి. 4 జీబీయే ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ తీసుకోండి, అది తేలిక. మేట్ ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. 32 బిట్ ప్రాసెసర్ల మీద ఇప్పటి మింట్ ఎక్కదు.

మీ ల్యాప్‌టాప్‌లో ఇంకా పాత తిరిగే హార్డ్ డిస్కే ఉంటే, దానికి ముందు ఒక ఎస్‌ఎస్‌డీ వేయించమని సలహా. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మార్చినా రానంత వేగం ఆ ఒక్క మార్పుతో వస్తుంది. డెస్క్‌టాప్ అయితే ఇంకా మంచి ఉపాయం ఉంది: విండోస్ డిస్కును అలాగే ఉంచి, రెండో ఎస్‌ఎస్‌డీ తగిలించి లైనక్స్‌ను దానిమీద ఎక్కించడం. ఎవరి డిస్కు వారిదే, గొడవ ఉండదు.

విండోస్‌లో చేయాల్సిన ముందు పనులు

ఒకటి: నకలు తీసుకోండి. ఫోటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, ట్యాలీ డేటా, డీటీపీ ఫైళ్లు, అన్నీ బయటి హార్డ్ డిస్కులోకి ఎక్కించండి. డి డ్రైవ్‌లో పెట్టాను కదా అనుకోకండి. సి, డి రెండూ ఒకే డిస్కులోని భాగాలు. డిస్కు పోతే రెండూ పోతాయి. నకలు తీశాక ఆ బయటి డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి, రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకుంటేనే నకలు ఉన్నట్టు.

రెండు: డిస్కుకు తాళం ఉందేమో చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లలో మనం అడగకుండానే విండోస్ డిస్కును గుప్తీకరిస్తుంది. ప్రో ఎడిషన్‌లో దీన్ని బిట్‌లాకర్ అంటారు, హోమ్ ఎడిషన్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ అంటారు. స్టార్ట్ మెనూలో ఆ పేర్లతో వెతికితే ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో తెలుస్తుంది. ఆన్‌లో ఉంటే, బయాస్ (విండోస్ కంటే ముందు నడిచే, యంత్రంలోనే ఉండే ప్రోగ్రామ్) సెట్టింగులు మార్చినప్పుడు విండోస్ 48 అంకెల రికవరీ కీ అడిగే ప్రమాదం ఉంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఖాతాను షాపువారు వాళ్ల ఈమెయిల్‌తో తెరిచి ఉంటే మీకు దొరకనే దొరకదు. సెకండ్ హ్యాండ్ యంత్రాల్లో ఇది ముఖ్యంగా చూసుకోవాల్సిన సంగతి. ముందుగా కీని కాగితం మీద రాసుకోండి. తర్వాత గుప్తీకరణను ఆఫ్ చేయండి. డిస్కు పెద్దదైతే గంటల సమయం పడుతుంది. పూర్తయిందని చూపించేదాకా ముందుకు వెళ్లకండి.

మూడు: ఫాస్ట్ స్టార్టప్ ఆపండి. విండోస్‌ను షట్‌డౌన్ చేసినప్పుడు అది నిజంగా పూర్తిగా ఆగదు. కెర్నల్ స్థితిని డిస్కులో దాచి, మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది. లైనక్స్ దృష్టిలో ఆ డ్రైవ్ ఇంకా విండోస్ చేతిలోనే ఉన్నట్టు. అందుకే దాన్ని చదవనిస్తుంది గానీ అందులో రాయనివ్వదు, ఒక్కోసారి తెరవను కూడా తెరవదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, 'ఛూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ' నొక్కండి. పైన 'ఛేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవెయిలబుల్' అని కనబడుతుంది. అది నొక్కితేనే కింది గడులు మార్చడానికి వీలవుతుంది. 'టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్' పక్కన టిక్ తీసేసి సేవ్ చేయండి.

నాలుగు: డిస్కులో చోటు చేయండి. అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే కాబట్టి నిదానంగా చెబుతాను.

అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు ముందు కొలతలు వేసి హద్దురాళ్లు పాతుతారు, ఆ తర్వాతే దున్నుతారు. ఇక్కడా అంతే. విండోస్ భాగాన్ని విండోస్ చేతనే కుదింపజేయాలి. లైనక్స్ ఇన్‌స్టాలర్ కూడా ఆ పని చేయగలదు గానీ, తన ఫైళ్లు ఎక్కడున్నాయో విండోస్‌కే బాగా తెలుసు.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కింది సగంలో డిస్క్ 0 అని, దాని పక్కన వరుసగా గడులు కనిపిస్తాయి. ముందు ఆ 'డిస్క్ 0' అన్న చోట రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో వాల్యూమ్స్ అన్న పేజీ చూడండి. పార్టిషన్ స్టైల్ దగ్గర జీపీటీ అని ఉందా, ఎంబీఆర్ అని ఉందా రాసి పెట్టుకోండి. డిస్కులోని భాగాల (పార్టిషన్ల) పట్టికను రాసే కొత్త, పాత పద్ధతులివి. జీపీటీ అయితే చింత లేదు. ఎంబీఆర్ అయితే ప్రైమరీ పార్టిషన్లు నాలుగుకు మించకూడదు. ఇప్పటికే నాలుగు ఉంటే, ఖాళీ చోటు ఎంత చేసినా లైనక్స్ దాన్ని వాడుకోలేదు. పార్టిషన్లు కదిలించే సమయంలో డిస్కును డైనమిక్‌గా మార్చమంటారా అని విండోస్ అడిగితే వద్దనండి. అలా మారిన డిస్కు మీద లైనక్స్ ఎక్కించడం పెద్ద తలనొప్పి.

షాపుల్లో విండోస్ వేసేవారు సాధారణంగా సి డ్రైవ్ చిన్నదిగా, డి డ్రైవ్ పెద్దదిగా చేసి ఇస్తారు. అలాంటప్పుడు డి నుంచి చోటు తీయడం సులువు. ఒకే డ్రైవ్ ఉంటే సి నుంచే తీయాలి. ఆ గడి మీద రైట్ క్లిక్ చేసి 'ష్రింక్ వాల్యూమ్' నొక్కండి. కాసేపు లెక్క వేసుకుని ఒక చిన్న పెట్టె తెరుస్తుంది. అందులో నాలుగు వరుసలుంటాయి. మూడో వరుస మీరు నింపాల్సింది: ఎంత తగ్గించాలి. అంకె ఎంబీల్లో ఉంటుంది, జీబీల్లో కాదు. 50 జీబీ కావాలంటే 51200 అని రాయాలి, 100 జీబీకి 102400. మింట్ 20 జీబీలో పడుతుందని అంటారు, కానీ ఏడాది తిరక్కుండానే అది నిండిపోతుంది. 50కి తగ్గకండి, వీలైతే 100 ఇవ్వండి. విండోస్ భాగంలోనూ ఓ 20 జీబీ ఖాళీ మిగలాలి, లేకపోతే దాని అప్‌డేట్లకు చోటు ఉండదు.

కొన్నిసార్లు డ్రైవ్‌లో 150 జీబీ ఖాళీ ఉన్నా ఆ పెట్టె ఐదారు జీబీకి మించి తగ్గించనివ్వదు. కదపలేని ఫైళ్లు డ్రైవ్ చివర్లో కూర్చుని ఉండడమే కారణం. హైబర్నేషన్, సిస్టమ్ ప్రొటెక్షన్, పేజ్ ఫైల్ మూడింటినీ తాత్కాలికంగా ఆఫ్ చేసి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. పని అయ్యాక సిస్టమ్ ప్రొటెక్షన్, పేజ్ ఫైల్ తిరిగి ఆన్ చేసుకోవచ్చు.

ష్రింక్ అయ్యాక నల్ల గీతతో 'అన్‌అలొకేటెడ్' అన్న గడి కనిపిస్తుంది. దాన్ని అలాగే వదిలేయండి. కొత్త డ్రైవ్ చేసి ఫార్మాట్ చేయకండి. దాని సైజును కాగితం మీద రాసుకోండి, రేపు ఇన్‌స్టాలర్‌లో దాన్ని ఆ అంకెతోనే గుర్తుపడతారు. తర్వాత విండోస్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసి సరిగ్గా లేస్తోందా చూడండి.

పెన్‌డ్రైవ్ తయారీ

మింట్ మొత్తం ఒకే ఫైలుగా దొరుకుతుంది, దాన్ని ఐఎస్‌ఓ ఫైలు అంటారు. అది 3 జీబీకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేక ఫోను హాట్‌స్పాట్ మీద ఆధారపడేవారికి రోజువారీ డేటా ఒక్కరోజులో సరిపోకపోవచ్చు. అలాంటివారు మింట్ సైటులోనే ఉండే టొరెంట్ లింకు వాడండి. డేటా అయిపోయి మధ్యలో ఆగినా, మర్నాడు ఆగిన చోటి నుంచే దిగుతుంది. ఫైలు మాత్రం మింట్ అధికారిక సైటు నుంచే తీసుకోండి. ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లోది వద్దు.

దిగిన ఫైలు సరిగ్గా ఉందో లేదో పరీక్షించడం మానకండి. 7-జిప్ ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ అన్న చోట ఎస్‌హెచ్‌ఏ-256 నొక్కండి. వచ్చిన పొడవాటి వరుసను మింట్ సైటులో ఇచ్చిన దానితో పోల్చండి. మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలు చూసి వదిలేయకుండా మొత్తం సరిపోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్లీ దించుకోవాలి. సగం పాడైన ఫైలుతో మొదలుపెడితే ఇన్‌స్టలేషన్ మధ్యలో ఆగిపోయి, లోపం ఎక్కడుందో తెలియక గంటలు పోతాయి.

8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకోండి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్ తెరిచి, పెన్‌డ్రైవ్‌ను, ఐఎస్‌ఓ ఫైలును ఎంచుకోండి. ఇందాక రాసుకున్నది జీపీటీ అయితే ఇక్కడా పార్టిషన్ స్కీమ్ జీపీటీ పెట్టండి, ఎంబీఆర్ అయితే ఎంబీఆర్. స్టార్ట్ నొక్కితే ఐఎస్‌ఓ మోడా, డీడీ మోడా అని అడుగుతుంది. ఐఎస్‌ఓ మోడ్ చాలు.

ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి

పెన్‌డ్రైవ్ పెట్టి, కంప్యూటర్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీట పదే పదే నొక్కండి. డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి ఎఫ్9, ఏసుస్‌లో ఎస్కేప్ లేదా ఎఫ్8. ఏసర్‌లో కూడా ఎఫ్12యే గానీ, ముందు బయాస్‌లోకి వెళ్లి ఆ మెనూను ఆన్ చేయాల్సి రావచ్చు. మీట పట్టుబడకపోతే విండోస్‌లో షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. వచ్చే నీలం తెరలో 'యూజ్ ఎ డివైస్' ఎంచుకుంటే పెన్‌డ్రైవ్ పేరు కనిపిస్తుంది. గుర్తింపు ఉన్న సిస్టమ్‌లనే లేవనిచ్చే సెక్యూర్ బూట్ అనే సెట్టింగును ఆఫ్ చేయాల్సిన అవసరం సాధారణంగా రాదు, మింట్ దానితోనే నడుస్తుంది.

ఓ రెండు నిమిషాల్లో మింట్ డెస్క్‌టాప్ వస్తుంది. ఇది పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తోంది, మీ డిస్కును ఇంకా ముట్టుకోలేదు. ఇక్కడ కంగారు పడకుండా ఓ గంట కూర్చోండి. వైఫై పట్టుకుంటోందా? శబ్దం వస్తోందా? టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లతో జరిపితే పేజీ కదులుతోందా? కెమెరా, తెర వెలుగు, మూత మూసి తెరిస్తే లేవడం, అన్నీ చూడండి. ప్రింటర్ ఉంటే దాన్నీ తగిలించండి. వైఫై ఒక్కటే రాకపోతే బెంగ వద్దు. బ్రాడ్‌కామ్ చిప్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లలో దానికి డ్రైవర్ విడిగా వేయాలి. అందాకా ఆండ్రాయిడ్ ఫోనును కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఇంటర్నెట్ వెంటనే వస్తుంది.

ఇక ఎక్కించడం

ల్యాప్‌టాప్‌కు చార్జర్ తగిలించి ఉంచండి. బ్యాటరీ పోయిన ల్యాప్‌టాప్ అయినా, డెస్క్‌టాప్ అయినా యూపీఎస్ లేకుండా ఈ పని చేయకండి. ఏప్రిల్, మే నెలల సాయంత్రాలు మన వైపు ఈదురుగాలి లేస్తే కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. డిస్కు పట్టిక రాసే క్షణంలో కరెంటు పోతే రెండు వైపులా నష్టమే. పొద్దున పూట పెట్టుకోండి.

డెస్క్‌టాప్ మీది 'ఇన్‌స్టాల్ లైనక్స్ మింట్' గుర్తు నొక్కండి. భాషల్లో తెలుగు ఉంది. కానీ కొన్ని మెనూలు తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో వస్తాయి కాబట్టి, ఇబ్బంది వచ్చినప్పుడు ఎవరినైనా అడగడానికి ఇంగ్లీషే నయం. కీబోర్డు దగ్గర మాత్రం తప్పకుండా ఇంగ్లీష్ యూఎస్ ఉంచండి. ఇక్కడ తెలుగు కీబోర్డు ఎంచుకుంటే తర్వాత పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలు పడక చిక్కు వస్తుంది. తెలుగు టైపింగ్ తర్వాత చేర్చుకోవచ్చు. మల్టీమీడియా కోడెక్‌ల గడిలో టిక్ పెట్టండి.

ఆ తర్వాత వచ్చే తెర దగ్గర చేయి ఆపండి. 'ఇన్‌స్టలేషన్ టైప్' అని ఉంటుంది. విండోస్ పక్కన ఎక్కించమనే ఎంపిక ఒకటి, 'ఎరేజ్ డిస్క్ అండ్ ఇన్‌స్టాల్' ఒకటి, 'సంథింగ్ ఎల్స్' ఒకటి. రెండోది నొక్కితే విండోస్‌తో సహా మొత్తం డిస్కు తుడిచిపెట్టుకుపోతుంది. మొదటిది సులువే, చాలామంది అదే వాడతారు. నేను మాత్రం 'సంథింగ్ ఎల్స్' ఎంచుకోమంటాను. ఎక్కడ రాయబోతోందో మీ కళ్లతో మీరే చూస్తారు గనుక.

పార్టిషన్ల పట్టిక వస్తుంది. సైజులు చూడండి. 'ఎన్‌టీఎఫ్‌ఎస్' అని ఉన్నవి విండోస్‌వి, వాటిని ముట్టుకోవద్దు. జీపీటీ డిస్కులో 100 ఎంబీ ప్రాంతంలో ఒక చిన్న 'ఈఎఫ్‌ఐ' భాగం ఉంటుంది. రెండు సిస్టమ్‌లూ మొదలయ్యేది దాని నుంచే, దాన్ని ఫార్మాట్ చేయవద్దు. 'ఫ్రీ స్పేస్' అన్న వరుస సైజు మీరు కాగితం మీద రాసుకున్న అంకెకు దగ్గరగా ఉండాలి. ఇక్కడ అంకెలు కొద్దిగా ఎక్కువగా కనిపిస్తాయి, ఎందుకంటే విండోస్ 1024తో లెక్కిస్తుంది, ఈ పట్టిక 1000తో లెక్కిస్తుంది. 102400 ఎంబీ ఇచ్చిన చోట 107374 అని కనిపిస్తే అది సరైనదే.

ఆ ఫ్రీ స్పేస్ వరుసను ఎంచుకుని కింద ప్లస్ గుర్తు నొక్కండి. సైజు అలాగే ఉంచండి. 'యూజ్ యాజ్' దగ్గర లైనక్స్ వాడే ఫార్మాట్ ఈఎక్స్‌టీ4, 'మౌంట్ పాయింట్' దగ్గర ఒక్క ఏటవాలు గీత (/), అంతే. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటు) కోసం విడిగా భాగం చేయక్కర్లేదు, మింట్ ఫైలు రూపంలో దాన్ని తానే చేసుకుంటుంది. కింద బూట్ లోడర్ (ఆన్ చేయగానే సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్) ఎక్కడ వేయాలో అడిగే చోట పార్టిషన్‌ను కాకుండా మొత్తం డిస్కునే ఉంచండి. 'ఇన్‌స్టాల్ నౌ' నొక్కితే ఏయే భాగాలు ఫార్మాట్ అవుతాయో ఒక జాబితా చూపిస్తుంది. అందులో మీరు చేసిన ఈఎక్స్‌టీ4 ఒక్కటే ఉండాలి. ఇంకేదైనా ఉంటే వెనక్కి రండి. ఆ జాబితాకు ఒప్పుకునే వరకు డిస్కు మీద ఏమీ రాయదు.

మిగతాది తేలిక. టైమ్ జోన్ కోల్‌కతా, మీ పేరు, పాస్‌వర్డ్. ఈ పాస్‌వర్డ్‌ను మింట్ ప్రతి అప్‌డేట్‌కూ అడుగుతుంది కాబట్టి మరిచిపోనిది పెట్టండి. ఎస్‌ఎస్‌డీ మీద పావుగంట, పాత హార్డ్ డిస్కు మీద ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. అయ్యాక పెన్‌డ్రైవ్ తీసి ఎంటర్ నొక్కమంటుంది. సెక్యూర్ బూట్ ఉన్న యంత్రంలో మీరు మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టి ఉంటే, రీస్టార్ట్‌లో నీలం తెర ఒకటి వస్తుంది. అందులో 'ఎన్‌రోల్ ఎంఓకే' ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వండి.

డిస్కే కనబడకపోతే: కొన్ని ల్యాప్‌టాప్‌లలో బయాస్‌లో డిస్కు నడిచే పద్ధతిని నిర్ణయించే ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ లేదా వీఎండీ సెట్టింగ్ వల్ల ఇన్‌స్టాలర్‌కు డిస్కు కనిపించదు. దాన్ని మామూలు పద్ధతి అయిన ఏహెచ్‌సీఐకి మార్చాలి. నేరుగా మారిస్తే విండోస్ లేవదు. ముందు విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి బూట్ పేజీలో 'సేఫ్ బూట్' టిక్ పెట్టి, రీస్టార్ట్ చేసి బయాస్‌లో మార్చండి. విండోస్ సేఫ్ మోడ్‌లో లేచాక ఆ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేయండి.

మొదటిసారి ఆన్ చేశాక

నల్ల తెర మీద ఏ సిస్టమ్ కావాలో అడిగే గ్రబ్ మెనూ వస్తుంది. మొదటి వరుస లైనక్స్ మింట్, కింద విండోస్ బూట్ మేనేజర్. బాణం మీటలతో ఎంచుకుని ఎంటర్ నొక్కాలి. ఏమీ నొక్కకపోతే కొన్ని సెకన్లకు మింట్‌లోకి వెళ్తుంది. ముందు విండోస్ ఎంచుకుని అది క్షేమంగా ఉందని చూసుకోండి, తర్వాత మింట్‌లోకి రండి.

మెనూ రాకుండా నేరుగా విండోస్‌లోకే వెళ్తే ఇన్‌స్టలేషన్ విఫలమైనట్టు కాదు. బయాస్‌లో బూట్ వరుస చూడండి. అక్కడ మింట్ అన్న పేరు కోసం వెతికి నిరాశపడేవారు ఎందరో. మింట్ ఉబుంటు మీద ఆధారపడింది కాబట్టి అక్కడ 'ఉబుంటు' అనే కనిపిస్తుంది. దాన్ని పైకి జరపండి.

మింట్‌లో మొదట అప్‌డేట్ మేనేజర్ నడపండి, తర్వాత డ్రైవర్ మేనేజర్. వైఫై, ఎన్‌విడియా గ్రాఫిక్స్ డ్రైవర్లు ఉంటే అది చూపిస్తుంది. ఆ వెంటనే టైమ్‌షిఫ్ట్‌లో ఒక స్నాప్‌షాట్ తీయండి, ఏదైనా అప్‌డేట్ బెడిసికొడితే ఆ రోజు స్థితికి వెనక్కి రావచ్చు. మీ ఫోటోలు, పత్రాలు దానిలో చేరవు, వాటికి విడి నకలు ఉండాల్సిందే.

రెండు సిస్టమ్‌ల మధ్య గడియారం ఐదున్నర గంటలు తేడా చూపించవచ్చు. యంత్రంలోని గడియారాన్ని విండోస్ మన స్థానిక సమయంగా చదువుతుంది, లైనక్స్ గ్రీన్‌విచ్ సమయంగా చదువుతుంది. మనకూ గ్రీన్‌విచ్‌కూ తేడా సరిగ్గా ఐదున్నర గంటలే. టెర్మినల్ తెరిచి, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైమ్‌డేట్‌సీటీఎల్ అని రాసి, ఖాళీ వదిలి, సెట్-లోకల్-ఆర్‌టీసీ అని అడ్డగీతలతో కలిపి రాసి, మళ్లీ ఖాళీ వదిలి 1 కొట్టి (timedatectl set-local-rtc 1) ఎంటర్ నొక్కండి. ఇక రెండూ ఒకే సమయం చూపిస్తాయి.

తెలుగు టైపింగ్‌కు కీబోర్డు సెట్టింగుల్లో లేఅవుట్ల పేజీకి వెళ్లి తెలుగు చేర్చితే ఇన్‌స్క్రిప్ట్ వస్తుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిలో గానీ, యాపిల్ కీబోర్డులో గానీ కొట్టే అలవాటున్నవారు సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి ఐబస్, దానికి తోడుగా ఐబస్-ఎం17ఎన్ వేసుకోండి, రెండు పద్ధతులూ అందులో ఉన్నాయి. ఇక్కడ కొట్టింది యూనికోడ్ తెలుగు కాబట్టి ఫోనులోనూ, ఈమెయిల్‌లోనూ నేరుగా చదవొచ్చు. అను ఫాంట్లలో చేసిన పాత ఫైళ్లు మాత్రం ఇక్కడ తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తాయి. ఫైలు పాడైందని భయపడి మార్చి సేవ్ చేయకండి. విండోస్‌లోకి వెళ్లి తెరిస్తే మామూలుగానే ఉంటుంది. లిబ్రే ఆఫీస్‌లో రాసింది ఆఫీసులకు పంపేటప్పుడు డాక్స్‌గానో పీడీఎఫ్‌గానో సేవ్ చేయండి.

విండోస్ డ్రైవ్‌లు ఫైల్ మేనేజర్‌లో ఎడమవైపు కనిపిస్తాయి. నొక్కితే తెరుచుకుంటాయి. పాటలు, పత్రాలు డి డ్రైవ్‌లో ఉంచుకుంటే రెండు వైపుల నుంచీ వాడుకోవచ్చు. సి డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్ జోలికి మాత్రం ఇక్కడి నుంచి వెళ్లవద్దు.

తర్వాత ఎప్పుడైనా చిక్కు వస్తే

విండోస్ పెద్ద అప్‌డేట్ల తర్వాత బూట్ వరుస మారి మెనూ మాయం కావచ్చు. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ వల్ల డ్యూయల్ బూట్ ఉన్న ఎన్నో యంత్రాల్లో లైనక్స్ లేవడమే ఆగిపోయింది. అందుకే మింట్ పెన్‌డ్రైవ్‌ను వెంటనే చెరిపేయకుండా సొరుగులో ఉంచండి. మెనూ పోతే ముందు బయాస్‌లో 'ఉబుంటు'ను మళ్లీ పైకి జరపండి. అప్పటికీ రాకపోతే పెన్‌డ్రైవ్ నుంచి లేపి, మెనూలో బూట్ రిపేర్ తెరిచి, 'రికమెండెడ్ రిపేర్' నొక్కండి. షాపుకు తీసుకెళ్తే మొత్తం ఫార్మాట్ చేసి ఇచ్చే ప్రమాదం ఉంది. ఆ పని చేయవద్దని ముందే గట్టిగా చెప్పండి.

కొన్నాళ్లకు మింట్ వద్దనిపిస్తే తీసేయడమూ కష్టం కాదు, వరుస తప్పకుండా చేయాలి. యూఈఎఫ్‌ఐ యంత్రంలో (డిస్కు జీపీటీ అయితే మీది అదే) ముందు బయాస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను పైకి తెచ్చి, విండోస్ నేరుగా లేస్తోందని చూసుకోండి. మీ ఫైళ్లు ఈఎక్స్‌టీ4 భాగంలో ఏవైనా ఉంటే బయటికి తీయండి, విండోస్ మామూలుగా దాన్ని చదవలేదు. అప్పుడు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ భాగాన్ని తొలగించండి. దాని పక్కనే ఎడమవైపున్న విండోస్ డ్రైవ్ మీద 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' నొక్కితే ఇచ్చిన చోటు తిరిగి దానిలో కలుస్తుంది.